బియ్యం డబ్బాలో తాళం

మా అత్తకు చట్టం నేర్పింది ఒక హిందీ సినిమా. అందులో తెల్లచీర కట్టుకున్న ఒకావిడ రెండున్నర గంటల పాటు న్యాయం అడుగుతుంది. రెండు గంటల దాకా ఎవరూ ఇవ్వరు. ఆఖరి అరగంటలో అందరూ ఆశ వదిలేసుకున్నాక ఆమె కొంగు చాటు నుంచి రక్తం మరకల చొక్కా తీసి బోను మీద పరుస్తుంది. ఉరుము ఉరుముతుంది, అదీ కోర్టు హాల్లోనే. జడ్జి కళ్ళజోడు తీస్తాడు. విలన్‌కు చెమటలు పడతాయి.

ఆ సినిమా టీవీలో వచ్చిన ప్రతిసారీ నేను ఒకటే అడిగేవాణ్ణి.

"అత్తా, గా అంగి ఏదో మొదటి తారీఖునాడే ఇచ్చేస్తే అయిపోవుగద? గిన్ని రోజులు ఏడ్సుడేంది?"

"నీకు తెల్వది, ఊకో" అనేది అత్త, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా. "ముందుగాల్నే ఇస్తే వాళ్ళు మాయం జేస్తరు. టైం సూశి తియ్యాలె."

ఆ మాట వెనక ఒక బియ్యం డబ్బా ఉందని అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలియదు.

మేముండేది సూరత్ పక్కన జోల్వాలో. వరుసగా గదులు, చివర్న నీళ్ళ ట్యాంకు, దాని పక్కన లెట్రిన్లు. ఒక గదిలో మేము, పక్క గదిలో మా మేనత్త, మామ. మామ మగ్గాల ఖాతాలో పని చేస్తాడు. ఖాతా అంటే ఇక్కడ కార్ఖానా. అత్త చీరల మడత ఖాతాలో. మిల్లు నుంచి వచ్చిన చీరను మేజ మీద పరచాలి, ఇనుప గజంతో కొలవాలి, మడవాలి, లోపల అట్ట పెట్టి, పైన నవ్వుతున్న అమ్మాయి ఫోటో పెట్టి సంచిలో వేయాలి. అత్త మేజ కిటికీ పక్కన ఉండేది. గాలి వచ్చేది, రోడ్డు కనబడేది. సూరత్‌లో ఇంతకాలం బతికి తను సంపాదించుకున్న ఆస్తి ఆ కిటికీ ఒక్కటేనని అత్త లెక్క.

అక్కడి మేనేజరు మా జిల్లావాడే. మా ఊరికి మూడో ఊరు. ప్రతి ఆడమనిషినీ "అక్కా" అని పిలిచేవాడు. ఈ అక్కలు లెట్రిన్‌కు పోయి ముచ్చట్లు పెట్టుకుంటున్నారని ఆయనకు అనుమానం వచ్చింది. ఒక పొద్దున ఆడవాళ్ళు వెళ్ళి చూస్తే ఆ తలుపుకు తాళం ఉంది. దాని చావి ఆయన నడుముకు వేలాడే గుత్తిలో చేరింది. అవసరమైనవాళ్ళు ఆయన బల్ల దగ్గరకు పోయి అడగాలి. ఆయన గోడ గడియారం చూసి, "జల్ది రా అక్కా" అని ఇవ్వాలి. తిరిగి ఇచ్చేటప్పుడు మళ్ళీ గడియారం చూడాలి. కొన్నాళ్ళకు ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు. టిఫిన్ సంచుల్లోంచి సీసాలు మాయమయ్యాయి. సూరత్ ఎండలు మాత్రం మానలేదు.

ఒక మధ్యాహ్నం మేనేజరు చావి నడుముకు పెట్టుకుని తిండికి పోయాడు. అత్త ఆగింది. ఇంకాసేపు ఆగింది. ఇక ఆగలేనప్పుడు ఇనుప గజం తీసుకుని వెళ్ళి, కొండిలో దూర్చి తిప్పింది. ప్లైవుడ్ తలుపు, వానకు నాని ఉంది. తాళం తాళంగానే ఉంది, దానితో సహా కొండి ఊడి చేతికొచ్చింది. అత్త ముందు లోపలికి వెళ్ళింది. మిగతా ప్రపంచం గురించి తర్వాత ఆలోచించింది.

బయటికొచ్చేసరికి మిగతా ప్రపంచం గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. మేనేజరు అరిచాడు, అత్త అంతకన్నా గట్టిగా అరిచింది. రేపటి నుంచి రావద్దన్నాడు.

ఆ రాత్రే మా కులసంఘం పెద్దలు ఇద్దరు ఇంటికొచ్చారు. వాళ్ళకు టీ కావాలి, సమస్య తీరాలి, రెండూ ఒకే కప్పులో.

"ఒక్కసారి మాఫీ అడుగు చెల్లె. మనోడే గద. మల్ల పనిల వెట్టుకుంటడు."

"ఎందుకు మాఫీ? ఒంటికి వోయినందుకా?"

పెద్దలు టీ వైపు చూశారు. మామ గోడ వైపు చూశాడు.

"సూరత్‌ల ఖాతలకేం కరువు?" అన్నాడు మామ మెల్లగా. "ఇంకో తాన చేస్కో."

"ఇంకో తాన ఎందుకు చేస్కుంట? తప్పు చేసినోడు గాన్నే ఉన్నడు, నేనేంది ఖాత మారేది? నా మేజ నాకు గావాలె. గంతే."

ఆ 'గంతే' కోసమే మేము లేబర్ ఆఫీసుకు, అక్కడి నుంచి కోర్టుకు వెళ్ళాం. అత్తకు హిందీ బాగా వచ్చు. గుజరాతీ వినడం వరకే. నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి తోడు నన్ను పంపారు. ఆడవాళ్ళకు సర్కారు తరఫున ఉచితంగా వకీలును ఇస్తారు. మాకు వచ్చినావిడ గుజరాతీ మనిషి, మితభాషి. అందరూ పిలిచినట్టే మేమూ వకీల్ బెన్ అన్నాం. బెన్ అంటే గుజరాతీలో అక్క.

మొదటి రోజు కోర్టు చూసి అత్త ముఖం వాడిపోయింది.

"సుత్తెనే లేదేందిరా?"

నిజమే. జడ్జి సాబ్ బల్ల మీద సుత్తి లేదు. ఫైళ్ళు, నీళ్ళ గ్లాసు, జలుబు మందు ఉన్నాయి. ఎవరూ ఎవరినీ "ఆర్డర్, ఆర్డర్" అనలేదు. అనాల్సినంత గోల కూడా లేదు. ఫ్యాను చప్పుడు, టైపు చప్పుడు. మా పేరు పిలిచారు, తారీఖు ఇచ్చారు, బయటికొచ్చాం. సినిమాలో హీరోయిన్ బోను ఎక్కడానికి పట్టేంత సేపట్లో మా కేసు ఒక రోజు నడిచి ముగిసింది. అలాంటి రోజులు చాలా గడిచాయి.

యాజమాన్యం రాతపూర్వకంగా జవాబు ఇచ్చింది. లెట్రిన్‌కు తాళం ఎప్పుడూ లేదు, ఈవిడ తనకు తానే పని మానేసి వెళ్ళిపోయింది అని. వకీల్ బెన్ అది చదివి వినిపిస్తే అత్త నవ్వింది. అదేదో తనకు అనుకూలమైన వార్త అన్నట్టు నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అత్త సాక్ష్యం రోజు వచ్చింది. అవతలి వకీలు మర్యాదస్తుడు, ప్రతి ప్రశ్న ముందూ "బెన్" అనేవాడు. చివరికి హిందీలో అడిగాడు.

"బెన్, తాళం ఉండేదని చెప్పడానికి మీ దగ్గర ఏమైనా రుజువు ఉందా?"

అత్త కొంగు సర్దుకుంది. ఆయన్ని చూసింది. నన్ను చూసింది. తెల్లచీర ఆవిడ ఎలా గడ్డం ఎత్తుతుందో అలా ఎత్తింది.

"సమయ్ ఆనే పర్ బతావూంగీ."

సమయం వచ్చినప్పుడు చెప్తాను. సినిమాలో ఈ చోట వయొలిన్లు లేస్తాయి. ఇక్కడ టైపిస్టు తల ఎత్తి "క్యా?" అన్నాడు.

జడ్జి సాబ్ ముక్కు తుడుచుకుని ఓపికగా చెప్పారు. "బెన్, సమయం ఇదే. చెప్పాల్సింది ఇప్పుడే."

అత్త గడ్డం ఇంకాస్త ఎత్తింది. జడ్జి సాబ్ టైపిస్టు వైపు తిరిగారు. సాక్షి దగ్గర రుజువు ఏమీ లేదు, అని చెప్పారు. టకటకమని అచ్చయిపోయింది. వకీల్ బెన్ కళ్ళు మూసుకుంది.

తిరుగు దారిలో ఆటోలో నేను ఇక ఆపుకోలేకపోయాను.

"ఏందత్తా గది? రుజువు లేకపోతే లేదని చెప్పాలె. ఉన్నదంటే సూపియ్యాలె."

"ఉన్నది."

"ఏమున్నది?"

"తాళం."

"యాడ?"

"బియ్యం డబ్బల."

ఆటో గుంతలో పడి లేచింది. నేనూ అంతే.

"వకీల్ బెన్‌కు చెప్పినవా?"

"లే."

"మామకు?"

"మీ మామకు జెప్తే సంఘం మొత్తానికి జెప్పినట్టే."

"మరి ఇయ్యాల అడిగినప్పుడన్న చెప్పొద్దానే!"

అత్త నన్ను జాలిగా చూసింది. "ఇయ్యాల మేనేజరు రాలే గదరా. విలన్ లేనప్పుడు తీస్తే ఎవనికి చెమట వడ్తది?"

ఇంటికెళ్ళాక డబ్బా వంచి చూపించింది. అడుగున, పాత చీర ముక్కలో, ఊడిన కొండితో సహా తాళం, ఆ రోజు కొంగు చాటున తెచ్చింది. ఇన్నాళ్ళుగా మేము తిన్న అన్నమంతా దాని మీద నుంచే వచ్చిందన్నమాట.

మరుసటి ఆదివారం ఆల్థాన్‌లో వకీల్ బెన్ ఇంటికి వెళ్ళాం. విషయం నేనే చెప్పాను. అత్త సోఫా అంచున కూర్చుని తాళాన్ని ఒళ్ళో పెట్టుకుంది, చంటిపిల్లను పెట్టుకున్నట్టు. వకీల్ బెన్ టీ కప్పు కింద పెట్టింది.

"నీ వకీలును నేనా, ఆ సినిమాలో వకీలా?"

"మీరే బెన్" అంది అత్త. "లేకిన్ వో జీతా థా."

కానీ ఆయన గెలిచాడు. దీనికి ఏ చట్టంలోనూ జవాబు లేదు. వకీల్ బెన్ అత్తకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పింది. మొదట్లోనే ఇచ్చి ఉంటే ఇది గట్టి రుజువు. ఇప్పుడు ఇస్తే, నిన్న బజార్లో కొన్నారంటారు. మిగిలింది ఒకటే దారి. మేనేజరు బోను ఎక్కినప్పుడు దీన్ని ఆయనకు చూపించి ప్రశ్న అడగవచ్చు. ఆయన ఏమంటాడన్నదాని మీదే అంతా ఉంది. ఆయన కాదంటే అయిపోయినట్టే, మేజ పోయినట్టే.

"ఇంకో మాట. ఆ రోజు నువ్వు నోరు తెరవకూడదు. ఒక్క మాట వచ్చిందా, ఫైలు అక్కడే వదిలేసి నేను ఇంటికి వెళ్ళిపోతా."

మేజ పోతుందన్నప్పుడు కూడా అత్త ముఖం అంతగా పడిపోలేదు. కారణం నాకు తెలుసు. ఆమె హిందీలో ఒక ప్రసంగం తయారు చేసుకుంది. రోజూ బట్టలు ఉతుకుతూ అప్పజెప్పుకునేది. అందులో నారీశక్తి ఉంది, భారతమాత ఉంది, ఒక భూకంపం ఉంది. భూకంపం తీసేయమని నేను చాలాసార్లు చెప్పాను.

మేనేజరు సాక్ష్యానికి ముందు, మంచి ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం ఆయనే మా ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"అక్కా, మనం మనం ఒక్క జిల్లోళ్ళం. కోర్టుల తిరుగుడు మంచిగుంటదా? పల్సానాల ఇంకో ఖాత ఉన్నది. రేపే పనిల వెట్టిస్త. కేసు వాపస్ తీస్కో."

"కూసో తమ్మీ. ఎండల వడి వచ్చినవు" అని అత్త పెద్ద గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. ఆయన తాగాడు. "మేజ గదేనా?"

"మేజ ఏదైతేంది అక్కా? గాడ కూలర్లు గూడ ఉన్నయ్."

"నాది కిటికీ పక్కపొంటిది" అని అత్త మజ్జిగ ఇచ్చింది.

ఆయన పల్సానా గొప్పతనం చెప్పాడు. అత్త ఊఁ కొడుతూ ఇంకో గ్లాసు నింపింది. ఆయన మా ఊరి చుట్టరికాలు తవ్వి తీశాడు. అత్త టీ పెట్టింది. మా అత్త అతిథిమర్యాదలు నాకు తెలుసు. ఇంతలా ఎప్పుడూ ఉండవు. అందుకే నేను తాగకుండా చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"అక్కా, లెట్రిన్ యాడ?"

మా వరసలో ప్రతి ఇంటికీ ఒక లెట్రిన్, దానికో తాళం. చావి తలుపు పక్కన మేకుకు ఉంటుంది. అత్త లేచి సరిగ్గా ఆ మేకుకు వీపు ఆనించి నిలబడింది.

"అయ్యో తమ్మీ, చావి మీ బావ జేబుల ఉన్నది. డ్యూటీకి వోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"పొద్దుగూకినంక."

"పక్కింటోళ్ళది?"

పక్కింటివాణ్ణి నేనే. నేను పైకప్పు వైపు చూశాను.

"వాళ్ళు గూడ డ్యూటీకి వోయిండ్రు" అంది అత్త, నా ఎదురుగానే.

ఆయన లేచి నిలబడ్డాడు. బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చాడు. ఆయన కదిలినప్పుడల్లా నడుము దగ్గర గుత్తి గలగలలాడింది.

"గిన్ని చావీలున్నయ్ గద తమ్మీ" అంది అత్త. "ఒక్కటన్న పట్టదా?"

అప్పుడు అర్థమైంది ఆయనకు. వాదించే స్థితిలో లేడు. చెప్పుల్లో కాళ్ళు సగం పెట్టి బండి వైపు వెళ్ళిన తీరు చూస్తే ఆయన మీద నాకు మొదటిసారి జాలి కలిగింది.

"పాపమత్తా."

"పాపమా? టైం సూసినవా? ఆయన చూసెటోడు గద, నేను గూడ సూసిన." అప్పుడే ఆమె గొంతు మారింది. "గుత్తి సూసినవారా? ఒక్క చావి గూడ పారెయ్యడు పిసినారి. ఆకుపచ్చ దారం కట్టింది ఉన్నది సూడు, ఇత్తడిది. అదే. ఎన్నిసార్లు అడుక్కున్ననో, గుర్తుపట్టనా?"

నేను వెంటనే వకీల్ బెన్‌కు ఫోన్ చేసి ఆకుపచ్చ దారం సంగతి చెప్పాను. "ఈసారి ఇదైనా ముందు చెప్పారు" అంది.

సాక్ష్యం రోజు కోర్టులో మేనేజరు బోనెక్కాడు. ఇస్త్రీ చొక్కా, నడుముకు అదే గుత్తి. తాళం ఎప్పుడూ లేదని చెప్పాడు. తలుపుకు కొండే లేదన్నాడు. నిమ్మళంగానే చెప్పాడు. వకీల్ బెన్ మా టిఫిన్ సంచిలోంచి చీర ముక్కను తీసి, విప్పి, జడ్జి సాబ్ బల్ల మీద పెట్టింది. కొండి సందులోంచి నాలుగు బియ్యం గింజలు ఫైళ్ళ మీద రాలాయి. ఉరుము ఉరమలేదు. జడ్జి సాబ్ తుమ్మారు.

"దీన్ని ఎప్పుడైనా చూశారా?" అని వకీల్ బెన్ మేనేజరును అడిగింది.

"నహీఁ" అన్నాడాయన. నోరు ఆ మాట అంటుండగానే ఆయన చేయి మాత్రం నడుము దగ్గరకు పోయి గుత్తిని మూసి పట్టుకుంది.

జడ్జి సాబ్ ముక్కు తుడుచుకుంటూనే అది చూశారు. "చేయి ఎక్కడ పెట్టారు?" అని అడిగారు. ఆయన చేయి తీశాడు. సాక్షి తాళం చూడగానే తన చావీల గుత్తిని పట్టుకున్నాడు, అని టైపిస్టుకు చెప్పారు. టకటక. వకీల్ బెన్ ఆకుపచ్చ దారం ఉన్న చావిని చూపించమని కోరింది. అవతలి వకీలు లేచి అభ్యంతరం చెప్పాడు. జడ్జి సాబ్ విని, అయినా చూద్దాం అన్నారు.

చావి తాళంలోకి వెళ్ళింది. తిరగలేదు.

అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఇన్నాళ్ళ తవుడు లోపల గడ్డకట్టి ఉంది. అవతలి వకీలు ముఖం విప్పారింది. మేనేజరు ఊపిరి వదిలాడు. జడ్జి సాబ్ జవానును పిలిచి, దీని సంగతి చూడమని చెప్పి, ఇంకో ఫైలు విప్పారు.

అత్త నా మోచెయ్యి పట్టుకుంది. "పట్టకపోతే మేజ పోయినట్టేనారా?"

"పట్టకుంటే ఎట్లత్తా? నూనె వోస్తే పడ్తది" అన్నాను. నాకూ నమ్మకం లేదు.

"ఈడ లెట్రిన్ యాడుంటది?"

పొద్దున్నుంచి భయానికి సీసా మొత్తం తాగేసింది. దారి చెప్పాను. వెళ్ళింది.

జవాను పక్క గదిలో దేవుడి పటం ముందు దీపానికి పెట్టిన నూనె తెచ్చి రెండు చుక్కలు పోశాడు. తాళాన్ని బల్ల కాలికి కొట్టాడు. కాస్త తవుడు రాలింది. ఊది, చావి పెట్టి తిప్పాడు. టక్.

"ఖుల్ గయా సాబ్."

జడ్జి సాబ్ వేరే ఫైలులోంచి తల ఎత్తకుండానే "లిఖో" అన్నారు. టైపిస్టు అచ్చుకొట్టాడు. అవతలి వకీలు కాగితాల్లో ఏదో చాలా ముఖ్యమైనది వెతకడం మొదలుపెట్టాడు. మేనేజరు గడియారం వైపు చూశాడు.

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమైందిరా?"

"అయిపోయిందత్తా. తెరుసుకున్నది."

"నేను లేకుండనా?"

"నువ్వు వోయినవు గద."

"మల్ల వెయ్యమను" అంది, గుసగుస అనుకుని. హాలంతా వినబడింది. వకీల్ బెన్ వెనక్కి తిరిగి చూసింది. అత్త నోటి మీద చేయి వేసుకుంది. ఆ రోజు కోర్టులో ఆమె పలికిన డైలాగు అదొక్కటే.

ప్రసంగం మాత్రం వృథా కాలేదు. తిరుగు దారిలో ఆటోలో మొత్తం చెప్పింది, భూకంపంతో సహా. ఆటో అతను చివరి దాకా విని, అద్దంలో చూస్తూ అడిగాడు. "దీదీ, బ్రిడ్జి పైనుంచి పోనా, కిందినుంచా?"

తీర్పు కొన్ని నెలల తర్వాత ఫోన్లో వచ్చింది. అత్త అప్పుడు చేపలు కడుగుతోంది, ఫోన్ నేను చెవి దగ్గర పెట్టాను. అదే ఖాతాలో, అదే పనిలోకి తీసుకోవాలని కోర్టు చెప్పిందని వకీల్ బెన్ అంది. "మేజ?" అని అడిగింది అత్త. మేజ సంగతి జడ్జిలు రాయరని వకీల్ బెన్ చెప్పింది. "నేను చూస్కుంటా బెన్" అని అత్త మళ్ళీ చేపల మీద పడింది. మామ ఆ సాయంత్రం తనే పోయి జిలేబీ తెచ్చాడు. సంఘం పెద్దలు కూడా వచ్చారు. తాము మొదటి నుంచీ ఆమె వైపే ఉన్నామని టీ తాగుతూ చెప్పారు.

పనిలో చేరే రోజు పొద్దున నేనే బండి మీద దింపాను. టిఫిన్ సంచి నాకు తగులుతోంది, ఏమిటా అని చూస్తే అందులో పెద్ద నీళ్ళ సీసా, ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది. గేటు దగ్గర మేనేజరు నిలబడి ఉన్నాడు. నడుముకు గుత్తి లేదు. అత్త ఆయన పక్కనుంచి, సీసా మూత తీసి రెండు గుక్కలు తాగుతూ లోపలికి నడిచింది.

నేను ఇంకా రోడ్డు దాటకముందే ఫోన్ మోగింది.

"అల్లుడా, వోయొచ్చిన."

"ఎక్కడికి?"

"గక్కడికే."

"వోంగనే ఏం అర్జెంటు అత్తా?"

"అర్జెంటేం లేదురా. ఊకెనే వోయిన. లోపల గడియ వెట్టుకోని జరసేపు నిలబడ్డ." అవతల ఎవరో ఆడమనిషి నవ్వింది, గజం మేజకు తగిలిన చప్పుడు. "ఇగో, కిటికీకాడ కూసున్న ఆమెను లేపుతున్న. మల్ల చేస్త."